శిశుయంత్రము

ధర్మవరమున పట్టుమగ్గము చూడబోయినవారికి మొదట కంటబడునది చీర కాదు. మగ్గముపైని బిగించిన జకార్డు పెట్టెయు, దానినుండి మాలవలె వ్రేలాడు అట్టల వరుసయు వారి దృష్టి నాకర్షించును. నేతగాడు కాలితో తొక్కినప్పుడెల్ల ఒక్కొక్క అట్ట ముందునకు జరుగును. అట్టలో రంధ్రమున్నచోట పడుగుపోగు పైకి లేచును; లేనిచోట క్రిందనే నిలుచును. ఆ నడుమ నేర్పడిన సందున నాడె పరుగెత్తి పేకపోగును పరచును. ఇట్లు పోగులు లేచుచు దిగుచు నుండగా కొంగున హంసలును, అంచున మామిడిపిందెలును తేలివచ్చును. హంస యెట్లుండునో జ్ఞాపకముంచుకొను భారము నేతగానిది కాదు, అట్టలది.

ఇటీవల కొన్ని మగ్గములపై అట్టలకు మారుగా విద్యుత్తుతో పనిచేయు జకార్డులు వచ్చినవి. అయినను విషయము మారలేదు. అట్టగాని, దాని స్థానమున వచ్చిన కంప్యూటరు నమూనాగాని ఎరిగియుండునే కాని నేర్చుకొనదు. నూరు చీరలు నేసిన పిమ్మటను మొదటి అట్ట మొదటి అట్టయే. పోగు తెగినచో దానికి తెలియదు. రంగు పొసగనిచో దానికి విచారము లేదు. అదే మగ్గము ప్రక్కన కండెలు చుట్టుచు పెరిగిన పిల్లవాడో పిల్లయో పదియేండ్లకు నేతపని నెరిగినవా రగుదురు. వారికి రంధ్రములు పొడిచినవా రెవ్వరును లేరు. చూచుచు, చేయుచు, తప్పుచు, దిద్దుకొనుచు ఎదిగిరి. (పిల్లలను బడి మాన్పించి మగ్గమునొద్ద కూర్చుండబెట్టుటను మేము మెచ్చుకొనుచున్నామని చదువరులు తలపకుందురు గాక. ఆ యాచారమువలన పోయిన చదువుల లెక్క మన యిండ్లయందే యున్నది.)

అట్టవలె ఎరుగుటకును, బిడ్డవలె నేర్చుటకును గల ఈ యంతరమును దాటదలచిన యంత్రనిర్మాతల కథయే మా ప్రస్తుత విషయము. ఈ కథ ధర్మవరపు మగ్గమున మొదలగుట కేవలము మా స్థలాభిమానము కాదు. కంప్యూటరు వంశవృక్షపు వ్రేళ్లు నిజముగనే పట్టుమగ్గమునందున్నవి. ఫ్రాన్సుదేశమున లియాను పట్టణపు జకార్డు తన యంత్రమును 1804 ప్రాంతమున సిద్ధపరచెను. అంతకు ముందు బూషాను, ఫాల్కను, వోకాన్సను మొదలగువారు చిల్లుల కాగితముతోను అట్టలతోను చేసిన ప్రయత్నములను అతడు కూర్చి పనికి తెచ్చెను. 1839లో ఆ జకార్డు రూపమునే 24,000 అట్టల సాయమున పట్టుపై నేసిరి. ఇంగ్లాండున చార్లెసు బాబేజి పండితుడు ఆ పట్టుచిత్రము నొకదానిని సంపాదించి, తన యింటికి వచ్చినవారికి చూపెడివాడు. పోగులను నడపు అట్టలు అంకెలను మాత్రమేల నడపరాదని అతని యూహ. అతడు తలపెట్టిన విశ్లేషణ యంత్రము పూర్తి కాలేదు గాని, దానిని గూర్చి 1843లో అడా లవ్‌లేసు దొరసాని వ్రాసిన వివరణములు నేటికిని నిలిచియున్నవి. జకార్డు మగ్గము పూలను ఆకులను నేసినట్లు ఈ యంత్రము బీజగణితపు అల్లికలను నేయునని ఆమె పోల్చిచెప్పెను. ఆ వ్రాతయందే మరియొక మాట గూడ నన్నది: యంత్రము తనంతట తాను క్రొత్తగా దేనిని పుట్టింపజాలదు, మనము ఆజ్ఞాపింప నెరిగినదానినే చేయును. ధర్మవరపు అట్టలను చూచిన యెవ్వరైనను ఆ మాటకు తలయూపుదురు.

ఆ మాటకు నూరేండ్లు దాటిన పిమ్మట బదులు చెప్పినవాడు ఆలను టూరింగు. ఇతనికిని మన సీమకును సన్నని నూలుపోగువంటి సంబంధ మొకటి కలదు. ఇతని తండ్రి జూలియసు టూరింగు మద్రాసు రాజధానిలో ఇండియను సివిలు సర్వీసు ఉద్యోగి. తల్లి ఈథెలు సారా, మద్రాసు రైల్వేకు ప్రధాన ఇంజనీరుగా నుండిన ఎడ్వర్డు వాలరు స్టోనీ కుమార్తె. తుంగభద్రపై రైలువంతెన కట్టించిన స్టోనీ యితడే. చప్పుడు చేయని పంకా చక్రము నొకదానిని కనిపెట్టి దానిపై హక్కు గూడ పొందెను. పంకా లాగువాని మేలుకన్న పంకా క్రింద నిద్రించు దొర మేలే ఆ చక్రమునకు లక్ష్యమని వేరుగ చెప్పనక్కరలేదు. టూరింగు దంపతులకు 1907లో వివాహము జరిగెను. మరుసటియేట పెద్దకుమారుడు కూనూరులో పుట్టెను. ఆ పిదప జూలియసు ఉద్యోగపు బదిలీలననుసరించి ఆ కుటుంబము పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు తిరిగి 1911 మార్చిలో ఛత్రపురము చేరెను. ఆ కాలమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును అనంతపురము జిల్లా తాలూకాలే. శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది 2022లో. ఆలను మాత్రము 1912 జూను 23వ తేదీన లండనులో పుట్టెను. అతడు మన నేల చూడలేదు. ఇంతమాత్రమున అతనిని మనవానిని చేసికొనుట హాస్యాస్పదము. అయినను ఆ బాల్యమున మనము గమనింపదగిన దొకటి యున్నది. తండ్రి కొలువు ఇక్కడ, పిల్లల పెంపకము అక్కడ. తలిదండ్రులు ఇండియాకు మరలిపోగా అన్నదమ్ము లిరువురును ఇంగ్లాండు సముద్రతీరమున నొక విశ్రాంత సైన్యాధికారి యింట పెరిగిరి. కొన్ని యేండ్లపాటు అమ్మ ఓడయెక్కి వచ్చిపోవు మనిషి. బిడ్డ బుద్ధిని యెవరు, ఎట్లు, ఏ పలుకులతో తీర్చుదురను ప్రశ్న అతని శాస్త్రమున పిమ్మట నంత ప్రధానమగుటకు ఇదియే కారణమని మేము చెప్పము. రెండు విషయములను ప్రక్కప్రక్కన ఉంచుచున్నాము, అంతియే.

1948లో టూరింగు తాను పనిచేయుచుండిన జాతీయ భౌతిక ప్రయోగశాలకు ఒక నివేదిక వ్రాసెను. శిశువు మెదడు పొందికలేని యంత్రమువంటిదనియు, శిక్షణవలన పొందిక యేర్పడుననియు, పొందికలేని యంత్రమునకు గూడ అట్టి శిక్షణ యిచ్చి చూడవచ్చుననియు అందలి సారాంశము. ప్రయోగశాలాధిపతికి అది బడిపిల్లవాని వ్యాసమువలె తోచెను. టూరింగు జీవించియుండగా అది అచ్చుకాలేదు. అతడు 1954లోనే గతించెను. అయితే 1950లో ‘మైండు’ పత్రికయందు ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసపు తుదిభాగమున అదే యాలోచన మరల వచ్చినది. పెద్దవాని మనస్సును అనుకరించు ఆజ్ఞలన్నిటిని చేతితో వ్రాయబూనినచో, తాను వ్రాయు వేగమునుబట్టి, 60 మంది 50 ఏండ్లు ఎడతెగక పనిచేయవలసియుండునని లెక్కవేసెను. అంతకన్న శిశువు మనస్సును అనుకరించు యంత్రమును చేసి, దానికి విద్య గరపుట మేలుగదా యని అతని ప్రశ్న. పుట్టినప్పటి స్థితి యొకటి, చెప్పించిన చదువొకటి, చదువనిపించుకొనని యితరానుభవ మొకటి, ఈ మూడును కలిసి మనస్సగునని అతడు విభజించెను. లవ్‌లేసు దొరసాని ఆక్షేపణకు సమాధాన మిచ్చటనే యున్నది: అట్టలు పొడుచువాడు కాక గురువు వచ్చినచో, శిష్యుని లోపల నేమి జరుగుచున్నదో గురువునకే పూర్తిగా తెలియదు, తెలియకున్నను శిష్యుని నడత నొకింత ముందుగా ఊహింపగలడు.

శిశువు మెదడు అంగడిలో కొన్న తెల్లకాగితపు పుస్తకమువంటిదని, అందు యంత్రము కొంచెము, ఖాళీ పుటలు మెండని టూరింగు ఆశపడెను. ఈ పట్టున మేమాతనితో ఏకీభవింపము. పుట్టిన మూడునాళ్లలోపలి పసికందులు పరాయి స్త్రీ గొంతుకన్న తల్లిగొంతునే కోరుదురని 1980లో అమెరికాలో జరిగిన పరీక్ష తేల్చినది. అభిమన్యుడు గర్భముననే పద్మవ్యూహము నాలకించెనని విని పెరిగిన మనకిది వింతగా తోపదు. పుస్తకము తెల్లనిదే కావచ్చును గాని, గీతలు ముందే గీయబడియున్నవి.

దండనమును గూర్చి టూరింగు వ్రాసినది మన గృహస్థులు తప్పక తెలిసికొనదగినది. తప్పు చేసినప్పుడు దండనమును, ఒప్పు చేసినప్పుడు బహుమానమును సంకేతములుగా నందుకొని మారు యంత్రమును అతడు భావించెను. వెంటనే, ఈ రెంటితోనే చదువు సాగదనియు ఒప్పుకొనెను. ఒక పద్యమును శిష్యునికి చెప్పక, వానిచే ఊహింపించి, తప్పిన ప్రతిమాటకు ఒక దెబ్బ వేయుచు పోయినచో, పద్యము వచ్చునాటికి వాని యొడలు హూనమగునని అతని చమత్కారము. ఇది చమత్కారమా? మన వీధిబడులలో కోదండము వేయించుకొన్న తాతలును, గోడకుర్చీ వేసిన తండ్రులును దీనిని చమత్కారముగా చదువలేరు. దెబ్బ తప్పని చెప్పును గాని ఒప్పేదో చెప్పదు. మాటలచేత, చూపుటచేత, చేయించుటచేత అందు జ్ఞానము బెత్తముచేత నందదని 1950లో యంత్రమును గూర్చి గ్రహించిరి. పిల్లలను బడిలో కొట్టరాదని మన దేశమున విద్యాహక్కు చట్టము శాసించినది 2009లో. కాళ్లు లేని యంత్రమును బొగ్గు తెమ్మని పంపలేము, బడికి పంపినచో తోటిపిల్లలు గేలిచేయుదురు, అని గూడ టూరింగు చింతించెను. అవయవలోపము చదువున కడ్డుగాదనుటకు హెలెన్ కెల్లరమ్మ నుదాహరించెను. యంత్రమును గూర్చి యింత దయ చూపినవాడు తనవారివలన పొందిన దయ మిక్కిలి స్వల్పము. ఆ విషాదము వేరొక వ్యాసమునకు తగినది.

తరువాతి చరిత్ర వేగముగా చెప్పవచ్చును. 1959లో ఆర్థరు శామ్యూలు తాను చేసిన చెకర్సు ఆటయంత్రము ఆడియాడి మెరుగుపడుటను ప్రకటించెను. 1958లో ఫ్రాంకు రోజెన్‌బ్లాటు నాడీకణములను పోలిన ‘పర్సెప్ట్రాను’ను లోకమునకు చూపెను. దాని శక్తికి గల హద్దులను 1969లో మిన్స్కీ, పేపర్టు గణితముతో నిరూపింపగా ఆ దారి కొంతకాలము పాడుపడెను. ఈ పేపర్టు జెనీవాలో పియాజే పండితునియొద్ద కొన్నియేండ్లు పిల్లల బుద్ధివికాసమును పరిశీలించినవాడు. బిడ్డ నెరిగినవాడే బిడ్డవంటి యంత్రమును ఆక్షేపించెను. 1986లో రూమెల్‌హార్టు, హింటను, విలియమ్సు కలిసి, యంత్రపు తుదిఫలమునందలి తప్పును వెనుకకు నడిపించి లోపలి ప్రతి లంకెను దిద్దు విధానమును ప్రచారమునకు తెచ్చిరి. నేటి కృత్రిమ బుద్ధి కట్టడమంతయు ఈ పునాదిమీదనే లేచినది.

తెలుగువాని పాత్ర యిందు కొంచెము కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డి, లోకమునకు రాజు రెడ్డి, గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాకును అటుపిమ్మట అమెరికాకును పోయి, స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరు పట్టము పొందెను. మనుష్యుని పలుకును యంత్రమునకు తెలుపుట అతని జీవితకార్యము. కార్నెగీ మెలను విశ్వవిద్యాలయమున అతని బృందము చేసిన ‘హార్పీ’ 1976నాటికి 1,011 పదములను గ్రహింపగలిగెను. దానిలోని భాషాజ్ఞానము చాలవరకు పండితులు కూర్చిపెట్టినది, అనగా ఒక విధమున అట్టలే. కాని ఆ విద్యాలయముననే అతని శిష్యులు బేకరు దంపతులును, కొంతకాలమునకు కై-ఫూ లీయును, నియమములను వ్రాసిపెట్టుట తగ్గించి, వేల పలుకులను వినిపించి వానినుండి సంభావ్యతలను యంత్రమే లెక్కించుకొను పద్ధతిని పట్టిరి. గురువు కట్టిన దారిని శిష్యులు విడిచిన ఈ ఘట్టమున గురువు వారి కడ్డుపడకుండుటను మేము గొప్పగా నెంచుచున్నాము. 1994లో రాజు రెడ్డికి టూరింగు పేరిటి బహుమానము, ఫైగెన్‌బామునతో కలిపి, లభించెను. జూలియసు టూరింగు కొలువుచేసిన రాజధాని జిల్లాలనుండి పోయిన పల్లెబిడ్డకు అతని కుమారుని పేరి బహుమానము!

ధర్మవరమునుండి రైలెక్కి దక్షిణముగా పోయినచో పెనుకొండ వచ్చును. 1565లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగరపు రాజులు తలదాచుకొన్న కొండ యిది. ఆ చరిత్ర నందరు నెరుగుదురు. నేడు ఆ మండలమున ఎర్రమంచియొద్ద కియా మోటారు కర్మాగారమున్నది. 2017లో ఒప్పందము జరుగగా 2019 ఆగస్టున మొదటి కారు వెలికి వచ్చెను. ఏటికి 3 లక్షల కార్లకు సరిపోవు కర్మాగారమది. అచ్చట లోహపుచేతులు రేకులను పట్టి అతుకుచుండును. ఇట్టి కర్మాగారములలో మరచేతికి మార్గము నిర్ణయించుటను పనివారు ‘టీచింగు’ అందురు. నేర్పుట యని యర్థము. ఇచ్చట ఆగుము, అచ్చట వంగుము, అని ఒక్కొక్క బిందువును గుర్తుపెట్టించుటయే ఆ నేర్పు. చూడ ముచ్చటగా నుండును. కాని ఎర్రమంచి చేతిని ధర్మవరపు అట్టల ప్రక్కన నిలిపి చూచినచో, బుద్ధివిషయమున అది జకార్డు మనుమరాలే. రేకు ఒక జానెడు ప్రక్కకు జరిగినచో, దానిని కనిపెట్టు కన్ను వేరుగ నమర్చనంతవరకు, ఆ చేయి గాలినే అతుకును. అట్టిదానిని చూచి మన యువకులు యంత్రమునకు బుద్ధి వచ్చినదని భయపడుటగాని మురియుటగాని తొందరపాటు.

అసలు పాఠము హిందూపురమున నున్నది. చింతపండునకు బెల్లమునకు పేరుపడిన ఆ యూరి పట్టుగూళ్ల విపణిలో కొనుగోలుదారుడు గంపలో చేయిపెట్టి, నాలుగు గూళ్లు తీసి, వ్రేళ్లతో నొక్కి, చెవియొద్ద ఆడించి, ధర చెప్పును. ఏ నియమముచేత చెప్పితివని యడిగిన చెప్పలేడు. వేల గంపలు చూచిన కన్ను అది. యంత్రమునకు ఈ విద్య నేర్పవలెనన్న నియమములు వ్రాయబనిలేదు. గూటి చిత్రమును చూపుదురు; యంత్రము మంచిదనియో చెడ్డదనియో ఊహించును; తప్పినచో లోపలి లక్షలకొలది త్రాసులలో ఒక్కొక్కదానిని ఆవగింజంత జరుపుదురు. మరల చూపుదురు. వేలసార్లు చూపిన పిమ్మట దానికిని కన్ను వచ్చును. ఇంతవరకు టూరింగు కలగన్నదే.

అయితే చిక్కొకటి వచ్చినది. 1989లో మెక్లాస్కీ, కోయను అను ఇరువురు అట్టి యంత్రమునకు మొదట ఒకటి కూడిక లెక్కలు నేర్పిరి. బాగుగా నేర్చెను. పిదప రెండు కూడిక లెక్కలు నేర్పిరి. అవియు నేర్చెను, కాని మొదటివి మరచెను. మన పిల్లవాడు రెండవ యెక్కము రాగానే ఒకటవ యెక్కము మరచునా? ఈ మహావిస్మృతికి కారణము సులభము: క్రొత్త పాఠమునకై జరుపు త్రాసులే పాతపాఠమును మోయుచున్నవి. దినదినము నేర్చుచు ఎదుగు యంత్రమునకు ఇదియే పెద్ద యడ్డంకి. అందుచేతనే నేటి ప్రసిద్ధ యంత్రములు పలువురు తలచునట్లు నిత్యము ఎదుగునవి కావు. ఒకేసారి కొండంత చదువు మింగించి, ఆ పిమ్మట త్రాసులను బిగించి లోకమున విడుచుట వాడుక. పాతపాఠమునకు ముఖ్యమైన త్రాసులను కదలనీయక కాపాడుట, పాత యుదాహరణములను నడుమనడుమ నెమరువేయించుట మొదలగు ఉపాయములు పన్నుచున్నారు. మనకు నిద్రలో మెదడు పగటి యనుభవమును నెమరువేసికొనునను సిద్ధాంతమే 1995లో ఈ రెండవ యుపాయమునకు దారి చూపెను.

హిందూపురపు రైతు ఈ సమస్యను మరియొక రూపమున ఎరుగును. పట్టుపురుగు సుమారు 25 దినములలో నాలుగుసార్లు పొర విడిచి ఐదు దశలు గడచును. పొర విడుచుటకు ముందు మేత మాని, తలయెత్తి కదలక యుండును. దానిని రైతులు జ్వరమందురు: మొదటి జ్వరము, రెండవ జ్వరము. నాల్గవ జ్వరమునుండి లేచినది ఆకును నమలు చప్పుడు వాన చప్పుడువలె నుండును. తుదకు చంద్రికపై గూడు కట్టి, అందు లోపల నొడలంతయు మారి చిలుకయగును. ఇంత మార్పునకు లోనైన జీవికి పూర్వజ్ఞాన ముండునా? 2008లో అమెరికాలో మరియొక జాతి పురుగులపై ఈ ప్రశ్న నడిగిరి. ఒక వాసన వచ్చినప్పుడు చిన్న విద్యుద్ఘాత మిచ్చి ఆ వాసనను రోయుట నేర్పిరి. ఐదవ దశలో నేర్చిన పురుగులు రెక్కలు వచ్చిన పిమ్మటను ఆ వాసనకు తొలగినవి. మూడవ దశలో నేర్చినవి మరచినవి. కట్టడము కూల్చి మరల కట్టినను కొన్ని గోడలు నిలిచినవన్నమాట. ఏ గోడ నిలుపవలెనో ప్రకృతి కెట్లు తెలియునో యంత్రనిర్మాతలకు తెలిసినచో వారి పని సగము తీరును. (హిందూపురమున మాత్రము పురుగునకు ఆ పరీక్ష రాదు. నూలు తెగకుండుటకై గూటిలోనే దానిని చంపుదురు. పట్టుచీర కట్టు మనము ఈ మాట మరువరాదు.)

బుద్ధి యెదుగుటకు ఒడలు కావలెనా యను వాదము వేరొకటి. కావలెననువారిలో బ్రూక్సు 1993లో ‘కాగు’ అను మరమనిషిని చేయబూనెను. 2001లో వెంగు మొదలగువారు ‘సయన్సు’ పత్రికలో, పని నిర్ణయింపక ముందే పుట్టించి, లోకమున తిరుగనిచ్చి, తనంతట తాను నేర్చుకొననీయవలెనను మతమును ప్రతిపాదించిరి. 2004లో ఐరోపావారు మొదలుపెట్టిన ప్రయత్నమువలన ఇటలీలో జెనోవాయందు ‘ఐకబ్’ అను శిశువు తయారయ్యెను. ఎత్తు 104 సెంటీమీటర్లు. ఇంచుమించు మూడున్నరయేండ్ల బిడ్డంత. ఒడలు కదలించుటకు 53 మోటార్లు. ప్రాకగలదు, వస్తువును పట్టి చూడగలదు. దాని నిర్మాణవివరములను దాచుకొనక లోకమునకెల్ల ప్రకటించిరి. ఆ మరబిడ్డ ఇన్నియేండ్లైనను నిజమైన మూడేండ్ల బిడ్డ తెలివిని అందుకొనలేదు. ఇది చూచి ఆ నిర్మాతలను పరిహసించువారు, తమ యింట బిడ్డ గ్లాసును పట్టుకొనుటకు ఎన్నినెలలు పట్టెనో తల్లుల నడిగి తెలిసికొందురు గాక.

ఒడలు లేని యంత్రములు మాటలపైననే పెరుగుచున్నవి. మాటలపై పెరుగువానికి సాంగత్యమే సర్వము. 2016 మార్చిలో మైక్రోసాఫ్టు కంపెనీ ‘టే’ యను పేర యువతివలె మాటలాడు యంత్రమును ట్విట్టరున నిలిపెను. ఎదుటివారి మాటలనుండి నేర్చుకొనుట దాని గుణము. దుర్మార్గులు కొందరు పూనుకొని దానికి జాతిద్వేషపు మాటలు నేర్పిరి. ఒక్క దినము గడువకమున్నే అది నోటికి రాని మాటలాడ నారంభింపగా కంపెనీ దానిని తీసివేసెను. దాని తప్పేమి? అది చెప్పినట్లు నేర్చినది. దుస్సాంగత్యము లేకున్నను, మనము వ్రాసియుంచిన గ్రంథరాశినే మింగించినచో, అందులో విధవలను గూర్చి, అంటరానివారని త్రోసివేయబడినవారిని గూర్చి, ఆడుదాని చదువును గూర్చి పూర్వులు వ్రాసిన దంతయు దాని లోపలికి పోవును. వీరేశలింగముగారివంటివారు నూరేండ్లకు పైబడి ఏ మాటలతో పోరాడిరో ఆ మాటలు, వారి మాటలకన్న ఎక్కువ సంఖ్యలో, దాని పాఠమున నుండును. సంఖ్యయే దానికి ప్రమాణము. కావున ఈ శిశువును పెంచుట పండితుల ప్రయోగశాలకు వదలదగిన పని కాదని మా యభిప్రాయము.

పాఠపు పరిమాణము చూచినను వింతయే. నేటి పెద్ద యంత్రములు లక్షలకోట్ల పదములను చదివినవి. మానవశిశువు పదుమూడేండ్లు వచ్చువరకు వినునవి పదికోట్ల పదములకు మించవని అంచనా. ఇంత తక్కువతో బిడ్డ యెట్లు నేర్చునని పరీక్షింపగోరి, ఆస్ట్రేలియాలో నొక బిడ్డ తలకు చిన్న కెమెరా కట్టి, ఆరవ నెలనుండి ఇరువదియైదవ నెలవరకు అప్పుడప్పుడు తీసిన 61 గంటల దృశ్యములను మాటలను ఒక యంత్రమునకు చూపిరి. 2024లో ప్రకటించిన ఫలితమునుబట్టి, బిడ్డ చూచిన వస్తువులను వినిన పేళ్లతో జతపరచుట ఆ యంత్రము కొంతవరకు నేర్చెను. ఆ 61 గంటలలో నున్నది ఉపన్యాసములు కావు, శాస్త్రములు కావు. తల్లిదండ్రులు వంటయింటను ముంగిటను బిడ్డతో ఆడిన మాటలు.

తెలుగునకు అట్టి మాటల మూట యెక్కడ? హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థవారు 2023, 2024 సంవత్సరములలో విద్యార్థులచే వేల పుటల చందమామ కథలు మొదలగువానిని దిద్దించి, ఆ కథలపై చిన్నయంత్రము నొకదానిని పెంచిరి. మిక్కిలి కొనియాడదగిన పని. బిడ్డను కథలతో పెంచుట మన యవ్వలు చేసినదే. కాని యవ్వలు చెప్పిన భాష చందమామ భాష కాదు. మగ్గముకాడి పలుకు, మల్బరితోటలోని పలుకు, హిందూపురమున కన్నడముతో కలిసిన పలుకు అచ్చున కెక్కినది తక్కువ; అందులో ఆడువారి నోట పుట్టినది మరియు తక్కువ. పల్లెలలో పురుగుల పెంపకమున ఆకు కోయుటనుండి చంద్రిక కెక్కించువరకు స్త్రీల చేతిమీద నడచు పనియే మెండు. ఆ పనికి సంబంధించిన మాటలన్నియు వారి నోళ్లలోనే యున్నవి. మా పట్టుపురుగులు రెండవ జ్వరమునుండి లేచినవి, మేత యెప్పుడు వేయవలెనని హిందూపురము ప్రాంతపు గృహిణి రేపు తన చేతిఫోనులోని యంత్రము నడిగినచో, పుస్తకములు మాత్రమే చదివి పెరిగిన ఆ శిశువు పురుగులకు జ్వరము తగ్గు మందు చెప్పునేమో.